విప్పుడు పాట

ఆ ఏడాది ప్రకాశం బ్యారేజీ నీటిమట్టాన్ని మా ఇంట్లో పట్టించుకున్నంతగా డెల్టా రైతులు కూడా పట్టించుకుని ఉండరు. మాకు సెంటు పొలం లేదు. మైలవరం బస్టాండు దగ్గర నాకొక మోటారు వైండింగు షాపు ఉంది, అంతే. అయినా పేపరు గుమ్మంలో పడిన చప్పుడుకి మా ఆవిడ మాణిక్యం పొయ్యి తగ్గించి మరీ వచ్చి, "ఇవాళ ఎన్ని గేట్లు ఎత్తారంట?" అని అడిగేది. గేట్లు ఎత్తితే నదిలో పడవ పందేలు జరగవు. పందేలు జరగకపోతే వాటితో పాటు జరగాల్సిన కళల పండగ జరగదు. పండగ జరగనిదే ఆవిడ ఆపరేషన్‌కి రాదు. మా ఇంటి గొడవ అలా పోయి పోయి ఎక్కడో మహారాష్ట్రలో కురిసే వానకి ముడిపడింది.

జాన్సన్ అనే ఆయన మా షాపుకి వచ్చింది వినాయక చవితి పందిళ్లు విప్పుతున్న వారంలో. మోటారేదో కాలిపోయిందనుకుని కుర్చీ వేశాను. ఆయనకి కావలసింది నేను కాదు, మా ఆవిడ. విజయవాడలో కృష్ణ మీద అంతర్జాతీయ రోయింగ్ పోటీలు పెడుతున్నారనీ, దేశదేశాల నుంచి ఆటగాళ్లు వస్తారనీ, వాళ్లతో పాటు ఆ దేశాల పాటగాళ్లూ ఆటగత్తెలూ వచ్చి ఘాట్ మీద పండగ చేస్తారనీ చెప్పాడు. ఆ పండగ ఏర్పాట్లు చూసుకునే ఈవెంట్ కంపెనీ తరఫున వచ్చాడు. ఇంటికి తీసుకెళ్లాను.

మాణిక్యం జడ కోలాటం నేర్పుతుంది. మామూలు కోలాటం ప్రతి ఊళ్లోనూ ఉంది. జడ కోలాటం కాస్త తక్కువ. నిలువు కర్ర పైన ఒక చక్రం, దానికి రంగురంగుల తాళ్లు, ఒక్కో తాడు ఒక్కో ఆడమనిషి చేతిలో. పాటకి అడుగులు వేస్తూ ఒకరి లోపల నుంచి ఒకరు, ఒకరి బయట నుంచి ఒకరు తిరుగుతుంటే తాళ్లు పైనుంచి జడలాగా అల్లుకుంటూ దిగుతాయి. తర్వాత అదే జడని వెనక్కి ఆడుతూ విప్పాలి. ఆ చక్రం పాత సైకిలు రిమ్ము. దానికి కొక్కేలు వెల్డింగు చేయించింది నేను. కళలతో నాకున్న సంబంధం అక్కడితో సరి. నాకు పాట ఒంటబట్టదు. జాతీయగీతం కూడా పక్కవాడి పెదాలు చూసే పాడతాను.

జాన్సన్ ఫోనులో ఒక వీడియో చూపించాడు. స్పెయిన్‌లో ఏదో కొండ ఊరి ఆడవాళ్లు, తెల్ల గౌన్లు, ఎర్ర నడికట్లు, కర్ర చుట్టూ రిబ్బన్లు పట్టుకుని అచ్చం మనలాగే అల్లుతున్నారు.

"వీళ్లు ఎనిమిది మంది, మీవాళ్లు ఎనిమిది మంది. ఒకే కర్ర మేడమ్. అంత పండగలోకీ అదే హైలైట్" అన్నాడు.

మాణిక్యం ఆ వీడియోని కళ్లార్పకుండా చూసింది. "వీళ్లెవరే తల్లీ, మన అడుగే ఏస్తన్నారు" అని హెలెన్ భుజం మీద చరిచింది. హెలెన్ మా పక్క వీధిలో జాకెట్లు కుడుతుంది. ఆదివారం చర్చిలో పాడుతుంది, మిగతా ఆరు రోజులూ మా ఆవిడ చెప్పినట్టు ఆడుతుంది. మొదటి తాడు ఎప్పుడూ ఆమెదే.

"గొంతేంటి మేడమ్, జలుబు చేసిందా?" అన్నాడు జాన్సన్ వెళ్తూ వెళ్తూ.

"ఎండాకాలం నించి ఇంతేనండీ. పాడితే పోయిద్ది."

పాడితే పోలేదు. మా అమ్మాయి కీర్తన పటమటలో ఒక ల్యాబులో పనిచేస్తుంది. తల్లి గొంతు ఫోనులో విని విని విసిగిపోయి, ఒక ఆదివారం వచ్చి ఆవిణ్ణి దాదాపు చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది. గవర్నర్‌పేటలో చెవి ముక్కు గొంతు డాక్టరు. సన్నటి గొట్టం లోపలికి పోనిచ్చి, తెర మీద మాణిక్యం గొంతు మాకే చూపించాడు. చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాడు. కాన్సరని వచ్చింది.

"భయపడకండి. చిన్నగా ఉండగానే దొరికింది. ఇప్పుడు తీసేస్తే తొంభై పాళ్లు అక్కడితో పోతుంది" అన్నాడు డాక్టరు. "ఆలస్యం చేస్తే మాత్రం స్వరపేటిక మొత్తం తీసెయ్యాల్సి రావచ్చు. అప్పుడిక మాట ఉండదు."

మాణిక్యం చీర కొంగు సరిచేసుకుంది. "ఇప్పుడు తీస్తే పాడగలనా అండీ?"

ఆయన నిజాయితీపరుడు. మా ఖర్మ. "మాట్లాడతారు. గొంతు కొంచెం మారుతుంది. పాట సంగతి నేను మాట ఇవ్వలేనమ్మా" అన్నాడు. ఆ ఒక్కసారికి ఆయన అబద్ధం చెబితే ఏం పోయేదని ఇప్పటికీ నాకు కోపం వస్తుంటుంది.

బయటికి వచ్చాక ఆటోలో ఆవిడ తేల్చేసింది. "దసరా ఎల్లగానే పండగ. పాడేసి, ఆ మర్నాడే వచ్చి పడుకుంటా. ఉన్న గొంతు వాడుకోకుండా ముందే కోయించుకునే పిచ్చిదాన్ని కాదు."

"నువ్వు చెప్పు నాన్నా" అంది కీర్తన.

చెప్పాను. ఆటోలో చెప్పాను, బస్సులో చెప్పాను, ఇంటికొచ్చి చెప్పాను. మా పెళ్లయిన దగ్గర్నించి ఈ ఇంట్లో నేను చెప్పింది జరిగిన సందర్భాలు నాకు గుర్తులేవు. గట్టిగా అరిచాను కూడా. అరిస్తే ఆవిడ అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుని, నాకు అర్థమయ్యేలా చెప్పడం మొదలుపెట్టింది.

"అల్లడం ఎవరైనా అల్లుతారండీ. కంటికి కనపడిద్ది. విప్పేటప్పుడు అట్టా కాదు. ఒకళ్లు అడుగు ముందేసినా ముడి బిగుసుకుపోయిద్ది, లాగేకొద్దీ ఇంకా బిగిసిద్ది. అప్పుడు అందర్నీ వెనక్కి తెచ్చేది పాటే. మా గురువుగారు ఏం చెప్పారు? అల్లిన జడ విప్పకుండా కర్ర దించకూడదని చెప్పారు. రేపు అంతమంది ముందు, పరాయి దేశపోళ్లు కూడా తాళ్లు పట్టుకుని నిలబడితే, విప్పేదెవరు?"

"హెలెన్‌కి నేర్పు."

నేర్పింది. మా పెరట్లో కర్ర పాతి, ఒక మధ్యాహ్నమంతా నేర్పింది. విప్పుడు పాట పెద్దదేం కాదు. "వేసిన అడుగే తియ్యమ్మా, వెనక్కి వెనక్కి రావమ్మా" అని మొదలవుతుంది. హెలెన్ గొంతు తేనె. అయినా పాట ఎత్తుకోగానే ఆడేవాళ్లు తికమకపడి ఆగిపోయారు.

"నా వల్ల కాదక్కా" అని హెలెన్ తాడు వదిలేసింది. "నువ్వు పాడితే కాళ్లు వాటంతటవే పోతయ్యి. నేను పాడితే నా కాళ్లే నిలబడిపోతన్నయ్యి."

మాణిక్యం నా వైపు చూసింది, చూశారా అన్నట్టు. ఆ చూపులో కాస్త గర్వం కూడా ఉంది. ఉండదా మరి.

దసరాకి వరద వచ్చింది. బ్యారేజీ గేట్లన్నీ ఎత్తేశారు. ఘాట్ మెట్లు మునిగాయి, పందేల దారి గుర్తుకి నదిలో కట్టిన తేలే డబ్బాలు, తాళ్లు కొట్టుకుపోయాయి. పోటీలు కార్తీకానికి వాయిదా వేశారు. జాన్సన్ ఫోను చేసి చెబితే మాణిక్యం, "పదిహేను రోజులే గదా" అంది. పదిహేను రోజులు కాదని ఆవిడకీ తెలుసు.

ఈలోగా గొంతు దాచుకోవడం మొదలుపెట్టింది. పాటకి తప్ప మాటకి వాడనని శపథం. వంటింట్లోంచి ముందు గదిలో ఉన్న నాకు వాట్సాప్ మెసేజీలు వచ్చేవి. "కాఫీ." "గ్యాస్ వాడు వచ్చాడా." "బనీను తిరగేసి తొడుక్కున్నారు." కోపం వస్తే ఎర్రటి మొహం బొమ్మ. మొదటి రెండు రోజులు నవ్వుకున్నాను. ఆ తర్వాత ఇంట్లో ఫోను టింగుమంటే తెరిచి చూడబుద్ధయ్యేది కాదు. ముప్పై ఏళ్లు ఆవిడ నోటికి భయపడి బతికినవాణ్ణి, ఆ నోరు లేని ఇంట్లో ఎటు తిరగాలో తెలియక షాపులోనే ఎక్కువసేపు కూర్చునేవాణ్ణి.

ఒకసారి ఆవిడకి చెప్పకుండా గవర్నర్‌పేట వెళ్లి డాక్టర్ని కలిశాను. "మీరైనా గట్టిగా చెప్పండి సార్, బెదిరించండి" అన్నాను.

"బెదిరించానండీ. ఫోనులో రెండుసార్లు బెదిరించాను. ఒప్పుకోవాల్సింది ఆమె. మీరు ఎత్తుకొచ్చి పడుకోబెట్టినా, ఆమె వద్దంటే నేను కత్తి పట్టుకోకూడదు" అన్నాడాయన.

అక్కణ్ణించి జాన్సన్ ఆఫీసుకి వెళ్లాను. జబ్బు సంగతి చెప్పి, మా వాళ్ల పేరు తీసెయ్యమని అడిగాను. ఆయన మంచివాడే, అంతా విన్నాడు. "తీసేస్తే మేడమ్ ఊరుకుంటారా? నేను కాదంటే ఆమె వేరే స్టేజి వెతుక్కుంటారు కదండీ" అన్నాడు. నిజమే. బందరు రోడ్డు మీద అప్పటికే పెద్ద బోర్డు కట్టారు. ఒకవైపు పడవ, ఒకవైపు తాళ్లు పట్టుకున్న మా మాణిక్యం. ఆ బోర్డు కింద నిలబడి బస్సు కోసం చూస్తూ, ఈ పోటీలు మొత్తానికే రద్దయిపోవాలని మొక్కుకున్నాను. దేశం పరువు పోతే పోయిందని కూడా అనుకున్నాను.

నా మొక్కు సగమే తీరింది. కార్తీకంలో తుపాను పట్టింది, పోటీలు మళ్లీ వాయిదా పడ్డాయి. రద్దు కాలేదు. క్రిస్మస్‌కి ముందు వారం అన్నారు.

ఆ కబురు వచ్చిన రోజు కీర్తన ఇంటికొచ్చి తల్లితో పోట్లాడింది. "నీకు ఆ పాటే ముఖ్యం. నేనూ నాన్నా ఏమైపోయినా ఫర్లేదు" అని ఏడ్చింది. మాణిక్యం దాని జడ విప్పి, నూనె రాసి, మళ్లీ వేస్తూ చెవి దగ్గర గుసగుసగా ఏదో చెప్పింది. ఏం చెప్పిందని తర్వాత అడిగాను.

"'ఇంత దూరం వచ్చాక ఇప్పుడు మానేస్తే, ఇన్నాళ్లూ ఆగింది దేనికే' అంది నాన్నా" అని కీర్తన కళ్లు తుడుచుకుంది.

స్పెయిన్ వాళ్లు వచ్చారు. పటమటలో ఒక కల్యాణ మండపంలో రిహార్సళ్లు. వాళ్ల నాయకురాలి పేరు నెరేయా. మా ఆడవాళ్లు మొదటి రోజు సాయంత్రానికే ఆమెని నీరజ చేసేశారు, చేతులకి గోరింటాకు పెట్టేశారు. వాళ్లతో ఒక ముసలాయన ఉన్నాడు. ఎడమ చేత్తో చిన్న పిల్లనగ్రోవి వాయిస్తాడు, అదే చేతికి వేలాడే డోలు మీద కుడి చేత్తో పుల్ల పెట్టి కొడతాడు. ఒక్కడే రెండు వాయిద్యాలు. మనవాళ్లైతే ఇద్దరి భోజనాలు అడిగేవారని హెలెన్ జోకు వేసింది.

అల్లేటప్పుడు ఆయన వాద్యం, విప్పేటప్పుడు మాణిక్యం పాట అని ఒప్పందం. నెరేయా ఏదో అంది. జాన్సన్ తెలుగు చేశాడు.

"వాళ్లు కూడా విప్పుతారంట మేడమ్. పిల్లనగ్రోవితోనే విప్పుతారంట. మీకు ఒంట్లో బాలేదు కదా, కావాలంటే..."

మాణిక్యం చెయ్యి అడ్డంగా ఊపింది. "వాళ్ల తాళ్లు వాళ్లు విప్పుకుంటే అయిద్దేమో. మావీ వాళ్లవీ కలిశాక అట్టా కుదరదు. అల్లడం వాళ్లది, విప్పడం మాది" అంది. ఆ నాలుగు మాటలకే ఆయాసపడింది. ముసలాయన ఆవిణ్ణి చూస్తూ కూర్చున్నాడు. మా ఆవిడ సన్నగా పాడుతుంటే, ఆయన పిల్లనగ్రోవి మీద వేళ్లు ఊరికే కదుపుతుండేవాడు, ఊదకుండా.

పండగ రోజు ఎండ వాలేవేళకి ఘాట్ నిండిపోయింది. నదిలో ఆనాటి పందేలు ముగిసి పడవల్ని ఒడ్డుకి మోసుకొస్తున్నారు. నల్లవాళ్లు, తెల్లవాళ్లు, పొడుగాటి ఆటగాళ్లు మెడలో పతకాలతో మెట్ల మీద కూర్చుని మిరపకాయ బజ్జీలు ఊదుకుంటూ తింటున్నారు. నన్ను స్టేజి మీద కర్ర మొదట్లో కూర్చోబెట్టారు, చక్రం ఊగకుండా చూసుకోమని. కీర్తన కింద మొదటి వరసలో ఉంది.

అల్లడం పండగలా సాగింది. పదహారు తాళ్లు, ఎనిమిది పట్టు చీరలు, ఎనిమిది తెల్ల గౌన్లు. జడ నా నెత్తి దాకా దిగింది. జనం చప్పట్లు ఆగాక మాణిక్యం మైకు ముందుకి వచ్చింది. ఎన్నాళ్ల నుంచో దాచుకున్న గొంతు. వేసిన అడుగే తియ్యమ్మా అని ఎత్తుకుంది. బొంగురుగా ఉంది గాని, ఉంది. హెలెన్ కాలు వెనక్కి పడింది. పక్కనున్న తెల్లమ్మాయి కాలూ పడింది. జడ పైకి ఒక మెట్టు విప్పుకుంది. అమ్మయ్య అనుకున్నాను. ఇన్నాళ్లూ తిట్టుకున్నదంతా ఆ క్షణంలో మర్చిపోయాను.

రెండో చుట్టులో గొంతు తెగింది. దగ్గు కాదు, జీర కాదు. నోరు తెరిచే ఉంది, శబ్దం రాలేదు. మైకులో గాలి చప్పుడు ఒక్కటే వినపడింది. ఆవిడ మళ్లీ ఊపిరి తీసుకుని మళ్లీ ప్రయత్నించింది. మెడ నరాలు ఉబ్బాయి. పదహారు మందీ తాళ్లు పట్టుకుని ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. హెలెన్ కళ్లల్లో నీళ్లు. నేను కర్ర పట్టుకుని కూర్చున్నాను. లేస్తే చక్రం ఊగుతుంది. లేచి మాత్రం చేసేదేముంది?

అప్పుడు పిల్లనగ్రోవి వినిపించింది. ముసలాయన మాణిక్యం ఆపిన చోటినుంచే అందుకున్నాడు. ఆవిడ పాటే, మాటలు లేకుండా. డోలు మీద తాళం కూడా ఆవిడదే. హెలెన్ ఒక అడుగు వెనక్కి వేసింది. భయంభయంగా ఇంకొకటి వేసింది. నెరేయా లోపలికి వచ్చింది, మా వాళ్లలో ఒకామె బయటికి వెళ్లింది. ఒక్కరూ తప్పలేదు. ఒక్క ముడీ పడలేదు. నా నెత్తి మీది జడ మెల్లగా విప్పుకుంటూ పైకి పోయి, పదహారు తాళ్లూ విడివిడిగా గాలికి ఊగాయి. ఘాట్ మొత్తం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. మాణిక్యం మైకు ముందే నిలబడి ఉంది. ఆవిడ కూడా చప్పట్లు కొట్టింది.

తెర వెనక్కి రాగానే హెలెన్ పరిగెత్తుకొచ్చి ఆవిణ్ణి వాటేసుకుంది. "ఏడవమాకక్కా! చూశావుగా, నువ్వు పాడకపోయినా విప్పేశాం!" అంది. ధైర్యం చెబుదామనే అంది పాపం. మాణిక్యం ఏడవడం లేదు. హెలెన్ బుగ్గలు రెండు చేతులతో పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు చూడలేక నేను చక్రం దించడానికి వెళ్లాను.

తిరిగి వచ్చేటప్పుడు వ్యాన్‌లో మా ఇద్దరివీ పక్కపక్క సీట్లు. ఆడవాళ్లు వెనక కేరింతలు కొడుతున్నారు. గొల్లపూడి దాటాక నా ఫోను టింగుమంది. పక్కనే కూర్చున్న మా ఆవిడ దగ్గర నుంచే.

"మనవాళ్లకి విప్పడం వచ్చు."

నేను తలెత్తి చూస్తే ఆవిడ కిటికీ బయటికి చూస్తోంది. ఇబ్రహీంపట్నం దగ్గర మళ్లీ టింగుమంది.

"ముందు నుంచీ వచ్చేమో."

లేదని రాద్దామనుకున్నాను. రాసి, చెరిపేశాను. ఆవిడ చెయ్యి పట్టుకుని మైలవరం దాకా అలాగే కూర్చున్నాను.

డాక్టరు ఈసారి మాకు తెర చూపించలేదు. స్వరపేటిక మొత్తం తియ్యాలన్నాడు. మెడలో రంధ్రం పెడతామనీ, ఊపిరి అక్కణ్ణించి తీసుకోవాలనీ, ప్రాణానికి భయం లేదనీ చెప్పాడు. మాణిక్యం అన్నిటికీ తల ఊపింది. పాట గురించి అడగలేదు.

ఆపరేషన్ రోజు పొద్దున కీర్తన, ఎక్కించాల్సిన రక్తం సంగతి చూడటానికి కింది అంతస్తుకి వెళ్లింది. పక్క మంచం మీద ముసలావిడ ఇడ్లీ తింటోంది. మాణిక్యం నా కుడి చెయ్యి లాక్కుని ఒళ్లో పెట్టుకుని, అరచేతి మీద వేళ్లతో తాళం మొదలుపెట్టింది. పాడింది. గుసగుస కన్నా తక్కువ గొంతుతో, విప్పుడు పాట, మొదటినుంచీ. స్టేజి మీద తెగిన రెండో చుట్టు దాటింది. శబ్దం రాని చోట పెదాలు కదిపింది, తాళం మాత్రం వదల్లేదు.

మా వాళ్ల ఫోన్లలో వీడియోలు బోలెడున్నాయి. అన్నిట్లో కర్రల మోత, గజ్జెల మోత. ఆవిడ ఒక్క గొంతే ఉన్నది ఒక్కటీ లేదు. ఇది రికార్డు చెయ్యాలని నాకు తట్టింది. ఫోను నా కుడి జేబులో ఉంది. కుడి చెయ్యి ఆవిడ ఒళ్లో ఉంది. లాక్కుంటే తాళం తప్పుతుంది. లాక్కోలేకపోయాను. చివరి చరణం అయ్యేసరికి స్ట్రెచర్ తెచ్చినతను తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

"అమ్మ ఏం పాడింది నాన్నా, ఎలా పాడింది?" అని కీర్తన ఇప్పటికీ అడుగుతుంటుంది. నాకు పాట ఒంటబట్టదని దానికి తెలుసు, అయినా అడుగుతుంది. నాకు గుర్తున్నది తాళం ఒక్కటే. కీర్తన చెయ్యి తీసుకుని అరచేతి మీద ఆ తాళం వేసి చూపిస్తాను. మాణిక్యం వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తుంటుంది. తప్పు అన్నట్టు తల అడ్డంగా ఊపుతుంది. వచ్చి సరిచెయ్యదు.